ఇల్లు మోసిన బండి

ఇంటికి నిలుకడ గుణము. బండికి కదలిక గుణము. పునాది కదిలిన ఇల్లు కూలును. కదలక నిలిచిన బండి చెడును. పరస్పర విరుద్ధములైన ఈ రెండింటిని ఒకే చట్రముపై కూర్చినపుడు మోటారు ఇల్లు ఏర్పడుచున్నది. కూర్చొనుటకు ఆసనములు, ఒక బల్ల, పడక, వంటకు వసతి, సామాను దాచుకొను అరలు - ఈ ఐదును గల మోటారు బండినే నేటి భారతీయ ప్రమాణములు క్యారవాన్ అని నిర్వచించుచున్నవి. క్రొత్తదానిని కొనుటకు ధనము చాలును. పాతబడినదానిని నడుపుకొనుచు అందులో సుఖపడుటకు మాత్రము కొంత చరిత్ర, కొంత రసాయనము, కొంత యంత్రశాస్త్రము తెలిసియుండవలెను.

ఒకే యేట రెండు ఆరంభములు

ఈ కథలో 1885వ సంవత్సరము చెప్పుకొనదగినది. ఆ యేడు ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున గోర్డన్ స్టేబుల్స్ అను వైద్యుని కొరకు ఒక బండి తయారైనది. ఆయన నౌకాదళములో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. సముద్రముపై ఓడలో తిరిగినట్లు నేలపై ఇంటితో తిరుగవలెనని ఆయన కోరిక. రెండు గుర్రములు లాగు ఆ బండికి 'వాండరర్' అని పేరు పెట్టి, ఇంగ్లండు దక్షిణ భాగమునుండి స్కాట్లండు వరకు ప్రయాణము చేసెను. కేవలము విహారము కొరకే కట్టించుకొన్న ఇంటిబండ్లలో ఇది మొదటిదని చెప్పుదురు. అది నేటికిని భద్రముగా నున్నది.

సరిగా అదే యేడు కడప జిల్లాలోని సురభి గ్రామమున వనారస వారి కుటుంబము 'కీచకవధ' నాటకమాడినది. అంతకు పూర్వము వారు తోలుబొమ్మలాట ఆడుచు ఊరూర తిరిగినవారు. ఆ ప్రదర్శనతో సురభి నాటక సమాజము పుట్టినది. పిమ్మట తరతరములుగా ఆ కుటుంబములు తెరలు, దుస్తులు, వంటపాత్రలు, పసిపిల్లలతో సహా ఎడ్లబండ్లపైనను రైళ్లలోను తెలుగుదేశమంతయు తిరిగినవి. స్టేబుల్స్ వినోదమునకై ఇల్లు కదిలించెను. సురభివారు జీవనోపాధికై కదిలించిరి. చివరకు ఆ సంచార కుటుంబములలో కొన్ని హైదరాబాదు పడమటి అంచున లింగంపల్లిలో స్థిరపడినవి. అక్కడి సురభి కాలనీ పటాన్‌చెరు, భానూర్ ప్రాంతములవారికి పొరుగే.

పట్టాలపై పడకగది

భానూర్ సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమున నున్న గ్రామము. భారత్ డైనమిక్స్ సంస్థవారి కర్మాగారమొకటి ఇచ్చట గలదు. ఈ ప్రాంతము రెండు పెద్ద దారుల మధ్యనున్నది. ఒకటి హైదరాబాదునుండి సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా ముంబాయి పోవు రహదారి. రెండవది సికింద్రాబాదునుండి వాడికి పోవు రైలుమార్గము. నిజాము రాజ్యమును బొంబాయి మార్గముతో కలిపిన ఈ రైలుదారి 1874లో తెరువబడినది.

ఈ దేశమున చక్రములపై నిజమైన ఇల్లు మొదట రైలుపట్టాలపైననే నడచెను. రైల్వే అధికారులు తనిఖీకి పోవు సెలూను పెట్టెలో పడక, భోజనపు బల్ల, వంటగది, స్నానపు గది, నౌకర్లకు చోటు అన్నియు నుండెడివి. కావలసిన స్టేషనులో ఆ పెట్టెను ప్రక్క పట్టాపై వదలి రైలు సాగిపోయెడిది. మోటారు ఇంటికి రూపకల్పన చేసినవారు ఎదుర్కొన్న ప్రశ్నలు - ఇరుకుచోటును మడత బల్లలతో పెంచుట, నీటిని పైన నిలువచేసి క్రిందికి దింపుట, కుదుపునకు పాత్రలు పడకుండ అరలకు గట్లు కట్టుట - ఇవన్నియు సెలూను పెట్టెలలో ముందే పరిష్కరింపబడినవి.

రోడ్డుపైకి ఈ నేర్పు వచ్చుటకు మోటారు బస్సు కారణము. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ నారంభించిరి. ఆ తొలినాటి బస్సులు స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఆల్బియన్ కంపెనీవారు చేసినవి. వానిలో ఒకటి 'దక్కన్ క్వీన్' అను పేరుతో రోడ్డు రవాణా సంస్థవారిచే భద్రపరుపబడినది. ఆ రోజులలో చట్రము, ఇంజను ఒకచోట తయారగుట, వానిపై శరీరమును వేరొకచోట కట్టుట వాడుక. 1942లో హైదరాబాదున స్థాపితమైన ఆల్విన్ కర్మాగారమువారు ఇట్టి బస్సు శరీరములను నిర్మించి పేరు పొందిరి. 1980లలో ఆ సంస్థయే జపానుదేశపు నిస్సాన్ కంపెనీ సహకారముతో జహీరాబాదులో చిన్న లారీల కర్మాగారమును నెలకొల్పినది. అది పిమ్మట మహీంద్రా వారి వశమైనది.

శరీరము వేరు, చట్రము వేరు అగుట పాత బండికి గొప్ప వరము. కొయ్యపని తెలిసిన మేస్త్రీ, రేకుపని తెలిసిన మేస్త్రీ కలసి బస్సును ఇల్లుగను, ఇంటిని బస్సుగను మార్చగలరు.

తెలుగువారెరిగిన మోటారు ఇల్లు

తెలుగునాట అట్లు మార్చిన బండ్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'చైతన్య రథము'. 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించెను. ప్రచారమునకై ఆయన ఒక పాత షెవర్లే వ్యానును మార్పించి సిద్ధము చేయించెను. పైకప్పుపై నిలిచి ప్రసంగించుటకు వేదిక, ధ్వనివర్ధకములు, లోపల విశ్రమించుటకు చోటు అమర్చబడెను. ఆయన కుమారుడు హరికృష్ణ సారథ్యము వహించెను. 1983 జనవరిలో ఎన్నికలు జరుగు వరకు, నెలల తరబడి, ఆ బండియే ఆయనకు ఇల్లు, కార్యాలయము, సభావేదిక. స్నానము, భోజనము రోడ్డు ప్రక్కననే జరుగుచుండెను. జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యెను. రాజకీయ చరిత్రకారులు ఈ యాత్రను గూర్చి విరివిగా వ్రాసిరి. బండిని గూర్చి తలచినవారు తక్కువ.

యంత్రదృష్టితో చూచినపుడు ఇందులో విశేషమొకటి గలదు. జనరల్ మోటార్సు వారు 1928లో బొంబాయిలో షెవర్లే బండ్లను కూర్చుట మొదలుపెట్టి, 1954లో మానివేసిరి. అనగా 1982 నాటికి షెవర్లే కంపెనీ ఈ దేశమును విడిచి 28 ఏండ్లు గడచినవి. అరిగిన భాగమునకు బదులు కొత్తది అంగడిలో దొరకదు. అట్టి జాతి బండి వేసవి యెండలోను, వానలోను, పల్లెబాటలపై వేల కిలోమీటర్లు తిరిగినదన్నచో, దాని వెనుక చేతిపనివారి శ్రమ ఎంత యుండవలెనో ఊహింపవచ్చును. లేతు యంత్రముపై బుష్షులు తరచినవారు, రేకునుండి గ్యాస్కెట్లు కత్తిరించినవారు, రేడియేటరు చిల్లులకు మాటు పెట్టినవారు, కమాన్లు విప్పి మరల వంపు తెచ్చినవారు, బ్రేకులకు లైనింగు పట్టీలు రివెట్లు కొట్టినవారు - వీరే మన దేశమున పాత బండ్లకు ప్రాణదాతలు. ఎన్నికల పిదప ఆ రథము హైదరాబాదులో రామకృష్ణ స్టూడియోకు చేరి అక్కడ ఉంచబడినది. తిరుగుట ఆగినది. ఆగిన బండికి ఏమగునో తెలిసికొనుట ఈ చరిత్రలో రెండవ భాగము.

నిలిచిన బండిలో జరుగు రసాయనము

బండి పని చేయుట వలన అరుగును, విశ్రాంతి వలన నిలుచును అని సామాన్యుల నమ్మకము. పాత మోటారు ఇంటి విషయమున ఇది తలక్రిందులు. దానిని తరచుగా చంపునది దూరము కాదు, గ్యారేజి.

బ్యాటరీతో మొదలుపెట్టుదము. ఆమ్లములో సీసపు పలకలు గల బ్యాటరీ వాడకున్నను తనంతట తాను శక్తిని కోల్పోవుచుండును. వేడిమి పెరిగినకొలది రసాయనక్రియ వేగము హెచ్చును గనుక తెలంగాణా వేసవిలో ఈ నష్టము మరింత త్వరితము. నిండుగా నున్న 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపవలెను. 12 వోల్టులకు దిగి వారములు గడచినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికములుగా పేరుకొనును. అవి మరల కరుగవు. రెండు నెలల నిర్లక్ష్యముతో మంచి బ్యాటరీ శాశ్వతముగా పాడగుట ఇందువలననే.

బ్రేకు ద్రవమునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము గలదు. సాధారణ రకపు క్రొత్త ద్రవము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదని నియమము. తేమ పీల్చిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. బరువైన బండి వాలులో దిగునపుడు బ్రేకులు వేడెక్కి ఆ ద్రవము మరిగినచో గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుటకు లొంగదు, ఆవిరి లొంగును. కాలు క్రింద పెడలు నేలకంటును, బండి మాత్రము ఆగదు. రెండేండ్ల కొకసారి ఈ ద్రవమును మార్చుటకగు ఖర్చు స్వల్పము. మార్చకపోవుటకు మూల్యము ప్రాణము.

టైర్లది మరియొక తీరు. రబ్బరు ఎండవలన, గాలిలోని ఓజోను వలన పగుళ్లు పట్టును. తిరుగు టైరులో రబ్బరుతో కలిపిన రక్షక పదార్థములు పైకి వచ్చి కొంత కాపాడును. నిలిచిన టైరుకు ఆ రక్షణ తగ్గును. మోటారు ఇంటి టైర్లు గాడి అరుగకమునుపే వయస్సు చెల్లి పగులుట సామాన్యము. ప్రతి టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చువేయబడియుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గాడి ఎంత లోతుగా నున్నను పదేండ్లు దాటిన టైరుపై కుటుంబమును కూర్చుండబెట్టరాదు.

ఇక ఒక మంచి ఉద్దేశ్యముతో చేయు చెడుపని గలదు. చాలమంది వారమున కొకమారు ఇంజనును ఐదు నిమిషములు నడిపి ఆపుదురు. ఒక లీటరు పెట్రోలు మండినపుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. ఇంజను బాగుగా కాగినపుడు ఆ ఆవిరి బయటికి పోవును. ఐదు నిమిషములలో ఇంజను కాగదు. ఆవిరి చల్లబడి నూనెలోను, పొగగొట్టములోను నీరుగా మిగులును. నూనెను ఆమ్లముగ మార్చి, గొట్టమును లోపలినుండి తుప్పు పట్టించును. కనుక నెల కొకమారైనను అరగంటకు తక్కువ కాకుండ రోడ్డుపై నడిపించుట మేలు. అప్పుడు ఇంజనుతోబాటు గేర్లు, బేరింగులు, బ్రేకులు, టైర్లు అన్నియు వ్యాయామము పొందును.

మారిన ఇంధనము

పాత ఇంజనులు తమ కాలపు పెట్రోలునకు తగినట్లు చేయబడినవి. ఆనాటి పెట్రోలులో సీసపు సమ్మేళనము కలిపెడివారు. అది మండునపుడు కవాటపు ఆసనములపై పలుచని పొరగా నిలిచి వాని అరుగుదలను తగ్గించెడిది. సీసము మనుష్యుల మెదడుకు, ముఖ్యముగా పసిపిల్లలకు, హానికరము. కావున భారతదేశమున 2000 సంవత్సరమునుండి సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. ఇది సమాజమునకు నిస్సందేహముగా మేలు. పాత ఇంజను యజమాని మాత్రము గట్టి లోహపు ఆసనములను అమర్పించుకొనవలసి వచ్చినది.

రెండవ మార్పు ఇటీవలిది. 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు 2023లో ప్రవేశించి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాలు నీటిని ఆకర్షించును. మోతాదు మించి నీరు చేరినచో ఇథనాలు, నీరు కలసి పెట్రోలునుండి విడివడి ట్యాంకు అడుగునకు దిగును. పాత రబ్బరు గొట్టములను, పొరలను అది ఉబ్బించి మెత్తబరచును. మండుటకు కావలసిన గాలి నిష్పత్తియు వేరు: పెట్రోలుకు బరువులో సుమారు 14.7 వంతుల గాలి కావలెను. ఇథనాలుకు 9 వంతులే చాలును. పాత కార్బురేటరు ఈ తేడాను తానై గ్రహింపలేదు. ఇంధనము పలుచనై ఇంజను ఎక్కువ వేడెక్కును. నివారణోపాయములు కష్టమైనవి కావు. ఇథనాలును తట్టుకొను గొట్టములు వేయుట, కార్బురేటరు జెట్టును తగినట్లు మార్చుట, బండిని చాల కాలము నిలుపవలసి వచ్చినపుడు ట్యాంకులోని ఇంధనమును తీసివేయుట - ఇంతే. గొట్టము పగిలి ఇంధనము వేడి ఇంజనుపై కారినచో, ఇల్లు, బండి రెండును ఒకేసారి కాలిపోవును గనుక ఈ పనిని వాయిదా వేయరాదు.

ఇంటి భాగము

యంత్రమునకు తోడు పైనున్న ఇంటికిని జబ్బులు గలవు. పాత శరీరములలో రేకుక్రింద కొయ్యచట్రముండును. కొయ్యలో తేమ 20 శాతమునకు మించినచో బూజు జాతి జీవులు పెరిగి దానిని కుళ్లబెట్టును. కిటికీ మూలనుండి జారిన వానచుక్క నెలల తరబడి కనబడక ఈ పని చేయును. అల్యూమినియం రేకునకు ఉక్కు మరలు బిగించినచోట తేమ చేరినపుడు రెండు లోహముల నడుమ చిన్న విద్యుద్ఘటము ఏర్పడి, అల్యూమినియం కరగిపోవును. వర్షాకాలమునకు ముందు కప్పుపైనున్న అతుకులన్నిటిని వ్రేలితో తడవి చూచుట, పగిలిన బంకను గీకి క్రొత్తది పెట్టుట పాత మోటారు ఇంటికి చేయదగిన సేవలలో మొదటిది.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకిపోక నేలపై పరచుకొనును. కావున కిటికీ తెరచినంత మాత్రమున చాలదు. సిలిండరు అర అడుగున బయటికి తెరచియున్న రంధ్రము ఉండితీరవలెను. మూసిన బండిలో పొయ్యి వెలిగించి నిద్రించుట ప్రాణాంతకము. గాలి చాలక మండినపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు.

బరువును మరువరాదు. వంద లీటర్ల నీటి తొట్టి నూరు కిలోలు తూగును. వేగము గంటకు 40 కిలోమీటర్లనుండి 60కి పెరిగినపుడు బ్రేకులు అణచవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపాతిక రెట్లగును. పాత బండిని మెల్లగా నడుపుమని పెద్దలు చెప్పుటలో గల శాస్త్రమిదియే.

చట్టపు సందు

స్వంత బండికి నమోదు 15 ఏండ్లు చెల్లును. తరువాత పరీక్షలో నెగ్గి ఐదేండ్ల కొకమారు పునరుద్ధరించుకొనవలెను. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము, తయారుచేసినవారు నిర్దేశించిన లక్షణములను యజమాని తన యిష్టము వచ్చినట్లు మార్చరాదు. 2021లో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటిన బండ్లకు 'వింటేజి' అను ప్రత్యేక తరగతిని ఏర్పరచినది. వానికి 'వి ఏ' అక్షరములతో నమోదు సంఖ్య ఇత్తురు. కాని చట్రము, శరీరము, ఇంజను మౌలికముగా మార్పబడియుండరాదు; నిత్యప్రయాణమునకు, వ్యాపారమునకు వాడరాదు; ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనమునకు మాత్రమే రోడ్డెక్కవచ్చును.

ఈ నియమముల ఉద్దేశ్యము మంచిదే. అయినను ఇందులో ఒక సందు మిగిలినది. వ్యానుగా పుట్టి ఇల్లుగా మారిన బండి విలువ యంతయు ఆ మార్పులోనే యున్నది. మారినది గనుక అది వింటేజి తరగతికి తగదు. పాతది గనుక సామాన్య పరీక్షలో నెగ్గుట కష్టము. తెలుగునాటి బండ్లను గూర్చిన చరిత్రలో అధికభాగము ఇట్లు మేస్త్రీల చేతులలో మారిన బండ్ల చరిత్రయే. కర్మాగారమునుండి వచ్చినది వచ్చినట్లున్న బండినే వారసత్వమని గౌరవించినచో, మన పనివారి నేర్పునకు సాక్ష్యముగా నిలువదగినవి తుక్కు దుకాణమునకు పోవును. సురక్షితముగా నున్నదని నిపుణులు పరీక్షించి ధ్రువపరచిన పాత మార్పుడు బండ్లకు పరిమిత వేగముతో, పరిమిత దినములలో నడచు అనుమతి ఏర్పడిన యెడల ఈ లోటు తీరగలదు.

నడుపుటలో ఆనందము

ఇంత జాగ్రత్త తీసికొని పొందు ఫలమేమి? పాత మోటారు ఇల్లు దూరములను జయించు సాధనము కాదు. దగ్గరి చోట్లను తీరికగా చూపు సాధనము. భానూర్ చుట్టుపట్ల దానికి తగిన దారులనేకములు గలవు. తెల్లవారుజామున బయలుదేరి సంగారెడ్డి దాటినచో మంజీరా తీరము, మొసళ్లకు నెలవైన అభయారణ్యము, ఆపైన సింగూరు జలాశయము. మరియొక దిక్కున 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చి. జహీరాబాదు దాటినచో బీదరు కోట. ఎండ ముదరకముందే ఆగి, చెట్టునీడన కాఫీ కాచుకొని, చల్లబడిన పిదప కదలుట పాత ఇంజనుకు, ప్రయాణికునికి ఇద్దరికిని హితము. ఆగిన ప్రతిచోట చక్రపు నడిమి భాగమును చేతితో తాకి చూచుట అలవరచుకొనవలెను; నాలుగింటిలో ఒకటి తక్కినవానికంటె వేడిగా నున్నచో అక్కడ బేరింగో, బ్రేకో మొర పెట్టుకొనుచున్నదని తెలియును. ఈ పరీక్షకు ఏ పరికరమును అక్కరలేదు.

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమువంటి చోట లేతుపని, వెల్డింగు, రేడియేటరు మరమ్మతు, కమాన్లపని తెలిసినవారు నేటికిని గలరు. నేటి బండ్లలో చెడిన భాగమును విప్పి పారవేసి కొత్తది బిగించుటయే వాడుక గనుక, విప్పి బాగుచేయు విద్య క్రమముగా వారి తరముతోనే తీరిపోవుచున్నది. పారిశ్రామిక శిక్షణాలయములు ఒక్కొక్క పాత బండిని తెచ్చుకొని, ఆ మేస్త్రీల ప్రక్కన విద్యార్థులను కూర్చుండబెట్టి దానిని నడకలోనికి తెప్పించినచో, బండితోబాటు విద్యయు నిలుచును. యంత్రమును అద్దాల గదిలో దాచవచ్చును. దానిని బాగుచేయు నేర్పు మాత్రము పనిచేయు చేతులలోనే దాగియుండును.